దీపంమేడకు ఓవర్‌హాల్

ఖరగ్‌పూర్‌కి సముద్రం లేదు. మా ప్లాట్‌ఫారం పొడవు గురించి ఊళ్లోవాళ్లం ఎంత గొప్పలు చెప్పుకున్నా అది సముద్రం దాకా వెళ్లదు. అయినా ఏటా ఆషాఢంలో, మొదటి రెండు వానలు పడి గోడలకు చెమ్మ పట్టి, అగ్గిపుల్ల గీస్తే అంటుకోనని మొండికేసే రోజుల్లో, మా పుస్తకాల అల్మరా రెండో అరలోంచి సముద్రపు వాసన వస్తుంది. ఉప్పు, తడిసిన సున్నం, ఎక్కడో అడుగున కాస్త గబ్బిలం. ఆ అరలో అరచేయంత సిమెంటు పెచ్చు ఒకటి ఉంది. దానికి ఒకవైపు తెల్లరంగు, ఆ రంగు మీద నల్ల అచ్చులో మూడు మాటలు. రెండోవైపు గరుగ్గా, పాత ఇటుక పొడి అంటుకుని ఎర్రగా ఉంటుంది. ఎండాకాలమంతా బుద్ధిగా పడి ఉండి, వానగాలి తగలగానే చెమటోడుస్తుంది.

మా ఇంట్లో పనిచేసే మాలతి బెంగాలీ మనిషి. ట్రాఫిక్ కాలనీలో తెలుగు ఇళ్లు చేసి చేసి మా భాష పట్టుకుంది. ప్రతి వానాకాలమూ ఒకసారి ఆ పెచ్చును గుడ్డతో తుడిచి, గుడ్డ వాసన చూసి, "దీదీ, ఈ రాయి ఏడుస్తాంది. పారేసీనా?" అని అడుగుతుంది. ఉండనీ అంటాను. నేను పాలిటెక్నిక్‌లో ఇటుక, సున్నం, సిమెంటు గురించి పాఠాలు చెబుతాను కాబట్టి ఇంట్లో రాళ్లూ రప్పలూ ఉండటం ఉద్యోగ ధర్మం అనుకుంటుంది కాబోలు, కారణం అడగదు. అడిగితే, ఆ పెచ్చు కొంతవరకు నా చేతి పనే అని చెప్పాల్సి వస్తుంది.

మా చిన్నప్పుడు మేం ట్రాఫిక్ అనే ఆ రైల్వే కాలనీలోనే ఉండేవాళ్లం. ఆ పేరు వినగానే బయటివాళ్లు లారీలూ హారన్లూ ఊహించుకుంటారు గానీ, అక్కడ రద్దీ అంటే సాయంత్రం సైరన్ మోగాక ఇళ్లకు తిరిగొచ్చే సైకిళ్లు, వాటికి అడ్డం పడే మేకలు, అంతే. ఎర్ర ఇటుక క్వార్టర్లు, ముందు చిన్న అరుగు, వెనక ములగచెట్టు, ములగచెట్టు కింద పక్కింటి ఒడియావాళ్లతో మా నాయనమ్మకున్న సరిహద్దు వివాదం. నాయనమ్మ వర్క్‌షాపు సైరన్‌కి అన్నం వార్చేది, రెండో సైరన్‌కి దీపం పెట్టేది. సెలవురోజున సైరన్ లేక అన్నం మెత్తబడేది. ఒక్కో కాలానికి ఒక్కో వాసన ఉండేది: పుష్యంలో వీధి చివర అమ్మే కొత్త ఖర్జూరపు బెల్లం, దాన్ని బెంగాలీలు పాయసంలో వేసుకుంటుంటే మేం మినపరొట్టెకు నంజుకునేవాళ్లం; మాత పూజ రోజుల్లో పసుపునీళ్లు, వేపమండలు, డప్పుల తోలు వెచ్చబెట్టే గడ్డిమంట; వేసవిలో మామిడికాయ ఆవపిండి; దీపావళికి ముందు మాత్రం ప్రతి వాకిట్లోనూ సున్నం తొట్టె. రాయిలాంటి సున్నం మీద నీళ్లు పొయ్యగానే అది కుతకుతా ఉడికి, బుసకొట్టి, పొయ్యి లేకుండానే పొంగేది. పిల్లలం చుట్టూ నిలబడి, తినడానికి పనికిరాని ఆ వంటను తిండికన్నా శ్రద్ధగా చూసేవాళ్లం.

మా తాత నిమ్‌పురా యార్డులో చక్రాలు కొట్టేవాడు. వచ్చి నిలబడ్డ గూడ్సు పక్కనే నడుస్తూ, పొడుగు కర్ర ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి చప్పుడు వినడం ఆయన ఉద్యోగం. మంచి చక్రం గంటలా మోగుతుంది; బీట పడ్డది దగ్గుతుంది. ముప్పయ్యేళ్లు ఈ పని చేసిన మనిషి ఇంటికొచ్చి ఊరికే ఉండలేడు కదా. కుండ, కొబ్బరికాయ, గుమ్మడికాయ, బజారులో బేరమాడుతున్న ఇత్తడి చెంబు, అన్నింటినీ వేలి కణుపుతో కొట్టి తల పక్కకు వంచేవాడు. పరీక్షల ఫలితాలొచ్చిన రోజున నా నెత్తి మీద కూడా కొట్టి, "బోలుగా ఉందే గుంటా" అని బాధపడేవాడు.

ఆయన స్నేహితుడు గురువులు వర్క్‌షాపులో పెయింటరు. ఇద్దరిదీ ఒకే ఊరు. రైలు బోగీ పక్కన ఓ మూల మీరు చూసే ఉంటారు, నల్ల అచ్చులో రెండు తేదీలుంటాయి: ఓవర్‌హాల్ ఎప్పుడయింది, మళ్లీ ఎప్పుడు రావాలి. రేకులో అక్షరాలు కత్తిరించి అలాంటి అచ్చులు చెయ్యడంలో గురువులు తాతకు పేరు. ఆ విద్యను మా తాత ఇంటికి తెచ్చుకున్నాడు. మంచం కోడుకు నవారు మార్చిన తేదీ, మళ్లీ మార్చవలసిన తేదీ. గొడుగు పిడికి, ట్రంకుపెట్టెకు, తిరగలికి, చివరికి గోడ గడియారానికి కూడా, అది స్వయంగా తేదీ చెప్పగలిగేదే అయినా. ఇంట్లో తేదీ లేనిది నాయనమ్మ ఒక్కతే.

"నాకొక్కదానికే ఎయ్యనేదు. ఏటి, నాకు మరమ్మత్తు అక్కర్నేదా?" అని ఆమె అడిగితే,

"నీకు ఓవర్‌హాల్ సేసీ వర్క్‌షాపు ఇంకా కట్టనేదే" అనేవాడు తాత.

వాళ్ల ఊరు గుల్లపేట. సిక్కోలు జిల్లాలో సముద్రం ఒడ్డున, రైలు దిగి బస్సెక్కి, బస్సు దిగి నడిచి, ఇంక నడవలేం అనుకున్నాక అర మైలు దూరంలో ఉండేది. ఆ ఊళ్లో ఒక దీపస్తంభం ఉంది. మావాళ్లు దాన్ని దీపంమేడ అనేవారు. తెల్లవాళ్ల కాలంలో, ఆ ఒడ్డుకి పడవలూ ఓడలూ వచ్చి ధాన్యమూ నూనెగింజలూ ఎత్తుకుపోయే రోజుల్లో కట్టారట. ఇటుకలు అక్కడే కాల్చారు. సున్నం కూడా ఎక్కడినుంచో తేలేదు, ఒడ్డున దొరికే గుల్లల్నే బట్టీలో కాల్చి, నీళ్లలో నానబెట్టి, బెల్లం నీళ్లు కలిపి గానుగలో రుబ్బి చేశారు. మొదట్లో పైన కొబ్బరినూనె దీపాలుండేవి, తర్వాత కిరసనాయిలు దీపం వచ్చింది. దీపం చుట్టూ మనిషెత్తు అద్దాల పంజరం తిరుగుతుండేది. దాన్ని తిప్పడానికి గొలుసుకి కట్టిన బరువు ఒకటి స్తంభం నడిమధ్యన మెల్లగా కిందికి దిగుతుండేది. అది అడుక్కి చేరేలోగా మళ్లీ పైకి చుట్టాలి. ఆ చుట్టే పని, అద్దాలు తుడిచే పని మా ముత్తాతది. ఒకసారి గాలివానలో గొలుసు తెగితే, తెల్లవార్లూ అద్దాల పంజరాన్ని చేత్తో తిప్పాడట, నోటితో అంకెలు లెక్కపెట్టుకుంటూ. ఎందుకంటే వెలుగు ఎన్ని అంకెలకోసారి మెరుస్తుందో దాన్నిబట్టే ఓడలవాళ్లకి అది గుల్లపేట అని తెలుస్తుంది. లెక్క తప్పితే వాళ్లకి ఊరు మారిపోతుంది.

ఈ కథ తాత అరుగు మీద కూర్చుని చెప్పగా చెప్పగా, ట్రాఫిక్ పిల్లలకు అది ఆటైపోయింది. దొంగ ఒకడు మధ్యలో నిలబడి, కళ్లు తెరుచుకుని, ఒకటి నుంచి పన్నెండు దాకా లెక్కపెడుతూ చుట్టూ తిరుగుతాడు. వాడు దీపం. మిగతావాళ్లం ఓడలం. వాడి చూపు పడనప్పుడు నాలుగడుగులు వెయ్యాలి, చూపు పడితే కదలకూడదు. బెంగాలీ పిల్లలు, ఒడియా పిల్లలు, బిలాస్‌పూర్ నుంచి బదిలీ మీద వచ్చిన గార్డుగారి కవలలు, ఎవరూ సముద్రం చూసినవాళ్లు కాదు, అందరూ బ్రహ్మాండంగా తీరం చేరేవాళ్లు. లెక్క తొందరగా చదివితే మాత్రం అరుగు మీంచి తాత కేకలేసేవాడు. ఆ ఆటకి ఆయన ఒక్కడే అంపైరు, ఏ ఆటకీ అంత కటిక అంపైరు ఉండి ఉండడు.

నేను ఐదో తరగతి చదివే ఏడాది గుల్లపేట నుంచి, ఊళ్లోనే ఉండిపోయిన తాత తమ్ముడు, మా చినతాత, ఉత్తరం రాశాడు. అప్పటికే అరమైలు అవతల ఇనపకమ్మీల స్తంభం ఒకటి వచ్చి, దాని మీద కరెంటు దీపం తనంతట తానే వెలిగి ఆరుతోంది. పాత దీపంమేడ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఏ ఆఫీసుని అడిగినా పక్క ఆఫీసు పేరు చెప్పేది. పైన గచ్చు ఊడుతోందనీ, సందుల్లో జువ్వి మొక్కలు మొలిచాయనీ, జనం కింద ఇటుకలు పీక్కుని పొయ్యిలు కట్టుకుంటున్నారనీ చినతాత రాశాడు. తాత ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, చెయ్యి చాచి అరుగు గోడను కణుపుతో కొట్టి, లేచి గురువులు తాత ఇంటికి వెళ్లాడు.

ఆ వేసవిలో మేం గుల్లపేట వెళ్లాం. తాత, గురువులు తాత, యార్డులోనూ వర్క్‌షాపులోనూ పనిచేసే అదే ఊరివాళ్లు మరో నలుగురు, వంటకి నాయనమ్మ, బడి సెలవులు కాబట్టి నేను. అందరూ పదిహేను రోజుల లీవు పెట్టారు. లీవంటే పెళ్లికో చావుకో పెట్టేవాళ్లే తప్ప, ఒక గోడ కోసం లీవు పెట్టిన ఆరుగురిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. సామానులో బట్టలకన్నా తాపీలూ, కుంచెలూ, గోలే బజార్లో కొన్న రంగు డబ్బాలూ ఎక్కువున్నాయి.

తాత మొదటిరోజే నన్ను పైకి తీసుకెళ్లాడు. లోపల గబ్బిలాల వాసన, దాని కింద ఎన్నేళ్లనాటిదో కిరసనాయిలు వాసన, అన్నింటికీ అడుగున చల్లటి సున్నపు వాసన, వాకిట్లో తొట్టె వాసనే, కాకపోతే ముసలిది. మెట్లు ఎక్కేటప్పుడు లెక్కపెడితే తొంభై రెండు, దిగేటప్పుడు తొంభై ఒకటి. ఎన్నిసార్లు పెట్టినా అంతే. పైన అద్దాలూ లేవు, దీపమూ లేదు, నేల మీద గుండ్రటి ఇనప పట్టా ఒక్కటే ఉంది. దాని పక్కన గచ్చు ఒకచోట అరిగి గుంట పడింది. మా ముత్తాత నిలబడి గొలుసు చుట్టిన చోటట. తాత చెప్పులు విప్పి ఆ గుంటలో నిలబడ్డాడు. పాదాలు సరిపోయాయో లేదో నాకు చెప్పలేదు. కింద సముద్రం, నా అంచనాకన్నా చాలా పెద్దది, ఎవరి లెక్కా పట్టించుకోకుండా వస్తూ పోతూ ఉంది.

ఊళ్లో గుల్లసున్నం బట్టీ అప్పటికి ఒక్కటే మిగిలింది. దాన్ని నడిపేది అసిరమ్మ అని, తాతకి మరదలి వరస. ఎండకి కాలిన మొహం, సున్నానికి కాలిన చేతులు. మేం దిగిన రెండోరోజు ఎడ్లబండిలో సిమెంటు బస్తాలు రావడం చూసి, బట్టీ దగ్గర్నుంచి నేరుగా నడిచొచ్చింది.

"బావా, దానికి సిమెంటెయ్యకండి. సున్నపు గోడ సెమటోడస్తాది. సెమట బయటికి రాపోతే నోపలే కుళ్లిపోద్ది."

"నీ బట్టీ సున్నం కొనమంటావు. అంతేగదే?" అన్నాడు తాత.

"కొనకండి. ఊరికినే ఇస్తాను, అట్టుకెల్లండి."

"ఊరికినే ఇస్తానన్నోల్ల సరుకు మీదే మరీ అనుమానం" అన్నాడు గురువులు తాత. అందరూ నవ్వారు. అసిరమ్మ కూడా నవ్వింది, తర్వాత అడిగింది:

"నా సున్నం నెల్లాళ్లు నానాల. పూత మీద పూత, మద్దిని ఆరాల. మీకు లీవెన్ని దినాలు?"

"పదిహేను."

"అదీ సంగతి" అని, కొంగు దులుపుకుని బట్టీకి వెళ్లిపోయింది.

నిజంగా అదే సంగతి. సిమెంటు రాత్రికి రాత్రి గట్టిపడుతుంది. పదహారోరోజు పొద్దున్న డ్యూటీలో ఉండాల్సిన మనుషులకి అంతకన్నా మంచి గుణం ఇంకేం కావాలి? పైగా వాళ్ల కళ్లకి అది కొత్తది, బలమైనది, వంతెన స్తంభాలకు వాడేది. సున్నం అంటే దీపావళికి వెల్లవేసేది. జువ్వి మొక్కల్ని వేళ్లతో సహా పీకారు, పోయిన ఇటుకల చోట కొత్తవి పెట్టారు, వెదురు పరంజీ కట్టి, కింది నుంచి పై దాకా ఒక్క అంగుళం వదలకుండా సిమెంటు పూశారు. రైలువాళ్ల పనితనం, నీటిచుక్క దూరే సందు లేదు. నీటిచుక్క బయటికొచ్చే సందు కూడా లేదు, అది తర్వాతి విషయం. పొద్దున్నా సాయంత్రమూ పూతను తడపడం ఊరి పిల్లలకీ నాకూ అప్పజెప్పారు. బకెట్లు చేతులు మార్చుకుంటూ, నీళ్లు సగం గోడ మీదా సగం ఒకళ్ల మీద ఒకళ్లమూ పోసుకునేవాళ్లం. నాయనమ్మ దీపంమేడ నీడలోనే మూడు రాళ్ల పొయ్యి పెట్టి, చింతచిగురు వేసి నెత్తళ్ల చేపలు వండేది. ఖరగ్‌పూర్‌లో చింతచిగురు దొరకని ఏళ్లన్నిటికీ ఆ పదిహేను రోజుల్లో పగ తీర్చుకుంది. పని దిగిన ఆరుగురు మగవాళ్లు ఇసకలో కూర్చుని తాటిముంజలు తింటూ, గోడవైపు చూస్తూ, ఒకళ్లకొకళ్లు ఏమీ చెప్పుకోకుండా ఉండేవారు. నేను చూసిన సంతోషాల్లో అంత చప్పుడు లేనిది ఇంకోటి లేదు.

పదమూడోరోజుకి రంగు అయింది. తెల్లటి స్తంభం, నడుముకి ఎర్ర పట్టీ. పద్నాలుగోరోజు గురువులు తాత తలుపు పక్కన, మనిషెత్తులో, రేకు అచ్చు ఆనించి నల్లరంగు అద్దాడు. పై వరుసలో ఓవర్‌హాల్ అయిన తేదీ. కింది వరుసలో "మరల చూడవలసిన తేదీ", దాని పక్కన సరిగ్గా అయిదేళ్ల తర్వాతి తేదీ. దాని కింద, అలవాటు కొద్దీ, కె.జి.పి. అని కూడా కొట్టాడు. ఆ మాట చదివి సముద్రంలో వెళ్లే ఓడవాళ్లెవరైనా ఇది ఖరగ్‌పూరేమో అనుకుంటే ఏం చెయ్యాలి అని నాకు బెంగపట్టుకుంది. మావాళ్లకి మాత్రం అలాంటి సందేహాలేవీ లేవు.

ఆ అయిదేళ్లూ మా ఇంటి కేలండర్లు ఒక్కొక్కటే మారాయి. తేదీ దగ్గరపడ్డ ఏడాది గురువులు తాతకి పక్షవాతం వచ్చింది, తాతకి కంట్లో శుక్లం తీశారు, మిగతా నలుగురిలో ఇద్దరు రిటైరై పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు. రమ్మన్న తేదీన ఎవరమూ వెళ్లలేదు. తాత చినతాతకి ఉత్తరం రాయించాడు, ఎలా ఉందని. తెల్లగా మెరుస్తోంది, కంగారేమీ లేదు అని జవాబొచ్చింది. తాత ఆ కార్డును కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నాడు.

నేను సివిల్ ఇంజనీరింగ్ చదవడానికి విశాఖ వెళ్లాను. రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సగం క్లాసు నిద్రపోతుండగా, లెక్చరరు ఒక మాట చెప్పి ముందుకు వెళ్లిపోయారు: పాత సున్నపు గోడలకు సిమెంటు పూత వెయ్యకూడదు, గోడ తాగిన తేమ బయటికి రాలేక, ఉప్పు లోపలే పేరుకుని, ఇటుకను పిండి చేస్తుంది. నోట్సులో అది ఒకటిన్నర వరుస. పరీక్షలో రెండు మార్కులు. నేను తప్ప క్లాసులో ఎవరూ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. నేనూ ఆగడం తప్ప చేసిందేమీ లేదు. సెలవులకి ఇంటికెళితే తాత అరుగు మీద కూర్చోబెట్టుకుని అడిగాడు:

"సిమెంటు గురించి సెప్పినారేటి, సదువులో?"

"సెప్పినారు తాతా."

"గట్టిదనీసి సెప్పినారా?"

"చాలా గట్టిదని సెప్పినారు" అన్నాను. అబద్ధం కాదు. పుస్తకంలో అలాగే ఉంది.

తిరుగు ప్రయాణంలో విశాఖ దాకా వెళ్లకుండా మధ్యలో దిగి, బస్సెక్కి గుల్లపేట వెళ్లాను. దూరం నుంచి దీపంమేడ చినతాత రాసినట్టే తెల్లగా ఉంది. దగ్గరికెళ్లి, ఒక గులకరాయి తీసుకుని, కింది వరుస నుంచి చేతికందినంత మేరా కొట్టుకుంటూ చుట్టూ తిరిగాను. తలుపు దగ్గర చప్పుడు బిగువుగానే ఉంది. సముద్రంవైపు మాత్రం, గుండె జబ్బు మనిషి తలుపు వెనక దగ్గినట్టు, బోలుగా వచ్చింది. లోపలికెళ్లి గోడ మీద చెయ్యి వేస్తే ఎర్రటి పొడి మెత్తగా చేతికంటుకుంది, తెల్లటి ఉప్పుతో కలిసి. ఆ గోడకి బకెట్లతో నీళ్లు పట్టించిన చెయ్యే అది.

బయట అసిరమ్మ నిలబడి ఉంది. చాలా ముసలిదైపోయింది. బట్టీ ఇంకా ఉంది గానీ మంట లేదు.

"నువ్వు ఆల్ల మనవరాలివి గదా. ఏటి సెప్పినాది గోడ?"

"బోలుగా ఉంది మామ్మా. సిమెంటు ఊడబెరికేస్తే?"

"సర్మం ఒలిసినట్టుంటాది. ఇటుక్కూడా ఒచ్చీస్తాది."

మా లెక్చరరు కూడా, తర్వాత విడిగా అడిగితే, అదే చెప్పారు. అసిరమ్మ రెండు మాటల్లో చెప్పింది, ఆయన బోర్డంతా వాడారు.

"మీ తాతకి సెప్పకే" అంది ఆమె. "బావ పోయినాక పడతాది. గోడలకి ఆపాటి మర్యాదుంటాది."

నేను చెప్పలేదు. కానీ నేను ఎక్కడ దిగానో చినతాత రాసిన కార్డు ముక్క చెప్పేసింది. తరవాతి సెలవుల్లో, నేను చెప్పులు విప్పుకునేలోపే, తాత తల కొంచెం పక్కకు వంచి అడిగాడు.

"కొట్టి సూసినావా?"

"చూశాను."

"ఎలాగ మోగినాది?"

"గంటలాగ మోగింది తాతా" అన్నాను. ఆయన దగ్గరే నేర్చుకున్న ఉపమానం కదా, తొందరలో అదే నోటికొచ్చింది.

తాత వీధివైపు చూశాడు. వీధిలో పిల్లలు వేరే ఏదో ఆడుకుంటున్నారు.

"ఇనుము మోగతాది గంటలాగ" అన్నాడు. "గోడ మోగదే, గుంటా."

అంతే. ఆ తర్వాత దీపంమేడ ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాయనమ్మ అన్నానికి పిలిచింది, తిన్నాం. ఒక్కటి మాత్రం కొన్నాళ్లకి గమనించాను. గొడుగు బట్ట మార్పించారు, మంచానికి కొత్త నవారు అల్లించారు, దేని మీదా తేదీ పడలేదు. గురువులు తాత ఇచ్చిన అచ్చు రేకులు ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉన్నాయి. కుండలూ కొబ్బరికాయలూ కొట్టి చూడటం కూడా తాత మానేశాడు. నాయనమ్మ తెచ్చినవి తెచ్చినట్టే తిన్నాం, కొన్ని కుళ్లిపోయినవి తగిలాయి.

తాత పోయాక రెండేళ్లకి నేను పాత కట్టడాలను కాపాడే ఆఫీసు ఒకదానికి అర్జీ పెట్టాను. ఫొటోలు జతచేశాను, గొలుసు తెగిన రోజు కథ కూడా రాశాను, అక్కడెవరికైనా మనసు కరుగుతుందేమోనని. చాలాకాలానికి జవాబొచ్చింది, మర్యాదగానే ఉంది. స్తంభం పాతదే గానీ, ఎవరో అనధికారికంగా సిమెంటు పూత వేసి అసలు రూపం మార్చారు కాబట్టి పరిశీలించే వీలు లేదన్నారు. ఆ 'ఎవరో' ఎవరో నాకు తెలుసు. ఆరుగురి పేర్లూ, వాళ్ల డ్యూటీ వేళలూ, ఎవరికి ఎన్ని చెంచాల పంచదార కావాలో కూడా తెలుసు. జవాబు రాయలేదు. రాసినా, మీరు చెప్పింది నిజమేనని ఒప్పుకోవడం తప్ప వేరే వాదన నా దగ్గర లేదు.

ఆ తర్వాత ఒక తుఫానుకి అది పడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సముద్రంవైపుకే ఒరిగిందట, ఊరివైపు ఒక్క ఇటుక రాలేదట. మర్యాద మాట అసిరమ్మ ఊరికే అనలేదు. నేను వెళ్లేసరికి తలుపు దాకా ఎత్తున్న మొదలొకటి మిగిలింది, దాని మీది పూత కూడా ఊడి రాలిపోయింది. చుట్టూ సిమెంటు పెచ్చులు ఇసకలో పలకల్లా పడి ఉన్నాయి, ఒక్కటీ పొడి కాలేదు. గట్టిదే, పుస్తకంలో చెప్పినట్టు. అసిరమ్మ లేదు. బట్టీ ఉన్నచోట రొయ్యల చెరువు తవ్వారు. చెరువు కాపలా ఉన్న కుర్రాడిని అడిగితే, ఇక్కడ దీపం ఉండేదన్న మాట ఎప్పుడూ వినలేదన్నాడు, పాపం అతను అబద్ధమాడాల్సిన పనేం లేదు. పెచ్చుల్లో వెతికి, అక్షరాలున్నది ఒకటి తీసుకుని రుమాల్లో చుట్టుకుని ఖరగ్‌పూర్ రైలెక్కాను.

ఇప్పుడు ట్రాఫిక్‌లో మా క్వార్టరు లేదు. అది ఉన్నచోట గడ్డి, ములగచెట్టు మొద్దు ఉన్నాయి, సరిహద్దు వివాదానికి రెండు పక్షాలూ లేవు. దీపావళికి ఎవరూ సున్నం నానబెట్టరు, డబ్బా మూత తీసి రంగు వేసుకుంటారు, ఒక్కపూటలో ఆరిపోతుంది. చక్రాలను కొట్టి వినే మనుషుల పనిలో చాలా భాగం పట్టాల పక్కన పెట్టిన యంత్రాలు చేస్తున్నాయని విన్నాను. పన్నెండు దాకా లెక్కపెట్టి తిరిగే ఆట, నాకు తెలిసి, భూమ్మీద ఎక్కడా ఎవరూ ఆడటం లేదు. నేను ఏటా రెండో సంవత్సరం పిల్లలకి పాత సున్నపు గోడల గురించి ఆ ఒకటిన్నర వరుసా చెబుతాను, దాన్ని సాగదీసి గంటసేపు చెబుతాను. మధ్యాహ్నం క్లాసే ఇస్తారు. సగంమంది నిద్రపోతుంటారు.

నిన్న మళ్లీ వాన పడింది. అల్మరా తెరిస్తే పెచ్చు తడిగా ఉంది, నల్ల అక్షరాల మీద సన్నటి చుక్కలు. "మరల చూడవలసిన తేదీ" అన్నంతవరకే ఉంది. తేదీ ఉన్న ముక్క ఇసకలోనో నీళ్లలోనో ఉంటుంది. గోడగా ఉన్నన్నాళ్లూ లోపల దాచుకున్న ఉప్పునీటిని, ఇప్పుడు ఏ గోడా కాకుండా పోయాక, నాలుగువైపులా గాలి తగిలి, కొద్దికొద్దిగా బయటికి వదులుతోంది. అసిరమ్మ చెప్పినట్టే. పదిహేను రోజుల్లో అయ్యే పని కాదు.

మాలతి గుడ్డ పట్టుకుని వచ్చింది. "దీదీ, ఇంకా ఏడుస్తాంది. తుడిసీనా?"

"వద్దు" అన్నాను. "ఆరనీ."